ఈమెయిల్స్ తీసుకోవడానికి చిన్న పేజీ చేయాలి, చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి

కొత్తవాడ_పడుగు

అందరికీ నమస్కారం. మాది వరంగల్ కొత్తవాడ. మామయ్య వాళ్లు మగ్గాల మీద దర్రీలు (జంపఖానాలు) నేస్తారు. చేనేత సొసైటీకి ఇచ్చేది పోను కొన్ని నేరుగా అమ్ముకుంటాం. హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు కొన్నవాళ్లు "కొత్త డిజైన్ దిగితే చెప్పండమ్మా" అని నోట్‌బుక్‌లో ఈమెయిల్ రాసి పోతారు. ఆ నోట్‌బుక్ ఇప్పుడు నా చేతిలో ఉంది. సగం అడ్రస్‌లు చదవడానికే రావడం లేదు. అది ఆర్ అక్షరమా వీ అక్షరమా, ఒకటి అంకెనా ఎల్ అక్షరమా అర్థం కాదు, ఒక పేజీ మీద చాయ్ ఒలికి మూడు నాలుగు వరసలు పోయాయి.

అందుకని ఒక చిన్న పేజీ చేద్దామనుకుంటున్నా. ఫోన్‌లో తెరిస్తే ఒక ఫొటో, రెండు మాటలు, ఈమెయిల్ ఇచ్చే డబ్బా. అంతే, అమ్మకం అక్కడ వద్దు. హెచ్‌టీఎంఎల్ కొంచెం వచ్చు, డిగ్రీలో నేర్చుకున్నా. ఖర్చు మాత్రం ఎక్కువ పెట్టలేం. ఎలా చేస్తే బాగుంటుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి? ఇంకోటి, వరంగల్ దర్రీలకు 2018లో జీఐ ట్యాగ్ (ఊరి పేరుతో ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, అది పేజీలో రాయొచ్చా?

కాజీపేట_జంక్షన్

చెల్లె, ముందు ఒక విషయం తెలుసుకుంటే మిగతాదంతా తేలిక. జనానికి కనబడే పేజీ వేరు, వాళ్లు ఇచ్చిన అడ్రస్ పోయి చేరే చోటు వేరు. చాలామంది పేజీ అందంగా చేసి, బటన్ నొక్కితే ఆ అడ్రస్ ఎక్కడికి పోతుందో చూసుకోరు. ఉత్త హెచ్‌టీఎంఎల్ ఫైల్ తనంతట తాను ఏదీ దాచుకోలేదు, వెనక ఏదో ఒకటి ఉండాలి.

వెనక ఏముండాలంటే, అన్నిటికంటే సులువు గూగుల్ ఫామ్. షీట్‌లో వరసగా వచ్చి పడతాయి. కాకపోతే సెట్టింగ్స్‌లో ఈమెయిల్ సేకరణ దగ్గర "వెరిఫైడ్" అని పెడితే గూగుల్‌లో లాగిన్ అయితే తప్ప ఫామ్ తెరుచుకోదు. ఎగ్జిబిషన్‌లో నిలబడి ఫోన్ తీసిన మనిషిని లాగిన్ అడిగితే ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు. రెండో దారి, పేజీ నీదే ఉంచి, గూగుల్ షీట్‌కి యాప్స్ స్క్రిప్ట్ (షీట్‌కి పని చెప్పే చిన్న కోడ్) రాసి ఫామ్‌ను దానికి పంపడం. స్క్రిప్ట్ చిన్నదే, కానీ కోడ్ మార్చినప్పుడల్లా కొత్త వెర్షన్‌గా డిప్లాయ్ చేయాలి (అంటే నడిచేలా పెట్టాలి), లేకపోతే పాతదే నడుస్తుంటుంది, మనమేమో ఎందుకు మారలేదా అని తల పట్టుకుని కూర్చుంటాం. మూడో దారి, మెయిల్ పంపే సర్వీసులు (మెయిల్‌చింప్, మెయిలర్‌లైట్, బటన్‌డౌన్ లాంటివి) ఇచ్చే ఫామ్ కోడ్‌ను నీ పేజీలో అతికించడం. నేనైతే మూడోదే చేయమంటా. అడ్రస్ చేరేదీ, రేపు మెయిల్ వెళ్లేదీ, వద్దనుకున్నవాళ్లు తప్పుకునేదీ అంతా ఒకే చోట ఉంటుంది. ఉచితంగా ఎంతమంది వరకు ఇస్తారన్నది వాళ్లు మారుస్తూ ఉంటారు, చేరేరోజు చూసుకో.

పేజీ పెట్టడానికి క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఉచితం. గిట్‌హబ్ పేజెస్ కూడా ఉచితమే కానీ వ్యాపారం నడుపుకోవడానికి దాన్ని వాడొద్దని వాళ్ల నిబంధనల్లోనే ఉంది, నీది అమ్మకానికి దగ్గరి పని కాబట్టి మొదటిదే మంచిది. గిట్‌హబ్‌లో కోడ్ పెట్టుకున్నా ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. జనం అడ్రస్‌లున్న ఫైల్ పబ్లిక్ రిపోజిటరీలోకి (అందరూ చూడగల ఫోల్డర్‌లోకి) పోకూడదు. ఏపీఐ కీ (సర్వీసు నీకిచ్చే రహస్య తాళం లాంటి కోడ్) కూడా పేజీలోని జావాస్క్రిప్ట్‌లో రాయకూడదు, రైట్ క్లిక్ చేసి సోర్స్ చూసే ఎవరికైనా అది దొరుకుతుంది.

పసుపు_నిజామాబాద్

నాది వేరే మాట. మన దగ్గర ఈమెయిల్ చూసేదెవరండీ? ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నప్పుడు షాపులో కుర్రాడు జీమెయిల్ పెట్టి ఇస్తాడు, తర్వాత దాని పాస్‌వర్డే గుర్తుండదు. మేం పసుపు అమ్మేది మొత్తం వాట్సాప్‌లోనే. ఫొటో పెడతాం, ధర పెడతాం, గంటలో ఆర్డర్ వస్తుంది. పేజీ, డొమైన్ (సొంత వెబ్ అడ్రస్), ఈ తిప్పలన్నీ ఎందుకు?

ఓరుగల్లు_నడక

నిజామాబాద్ అన్నా, మీరు చెప్పింది ఊళ్లో కొనేవాళ్ల వరకు నిజమే. నేను ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి, రామప్ప తిరిగి చూపించే నడకల గురించి నెలకో ఉత్తరం పంపుతుంటా, నేనూ మొదట వాట్సాప్‌తోనే నడిపా. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మంది వరకే పరిమితి. అంతకంటే ముఖ్యం, మన నంబర్ తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ఎగ్జిబిషన్‌లో దర్రీ కొన్న బెంగళూరు ఆవిడ మన కొత్తవాడ చెల్లె నంబర్‌ను సేవ్ చేసుకుంటుందా? గ్రూప్ పెడితే అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి, ఆడవాళ్లు చాలామందికి అది నచ్చదు, పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్‌ల కింద మన ఫొటో కొట్టుకుపోతుంది. నాకు 2021 జులైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు తేడా బాగా తెలిసింది. ఆ వారం కొత్తగా అడిగినవాళ్లలో ఎక్కువ మంది బయటి రాష్ట్రాలవాళ్లు, వాళ్లందరూ ఇచ్చింది ఈమెయిలే.

కొత్తవాడ చెల్లెకి చెప్పేదేమంటే, దర్రీ అనేది జనం నెలనెలా కొనేది కాదు. ఇల్లు మారినప్పుడో, పెళ్లికో, కొత్త గది కట్టుకున్నప్పుడో గుర్తొస్తుంది. అప్పుడు వెతికితే దొరకాలి. మెయిల్ డబ్బాలో "కొత్తవాడ దర్రీ" అని కొడితే ఏడాది కిందటి ఉత్తరం కూడా పైకి వస్తుంది. నా వరకు ఈమెయిల్ బలమంతా అక్కడే ఉంది.

పసుపు_నిజామాబాద్

నంబర్ సేవ్ చేసుకుంటేనే చేరుతుందన్నది కరెక్టే, మాకూ ఆ ఇబ్బంది ఉంది. మావాళ్లంతా ఎప్పటినుంచో కొనేవాళ్లు కాబట్టి నడుస్తోంది. దూరంవాళ్లకి ఈమెయిల్, దగ్గరివాళ్లకి వాట్సాప్, రెండూ పెట్టుకోమ్మా.

ఫిలిగ్రీ_కరీంనగర్

మాది వెండి తీగ పని, కరీంనగర్. మేం ఇలాంటి పేజీతోనే నెట్టుకొస్తున్నాం కాబట్టి కొనేవాళ్ల వైపు నుంచి చెప్తా.

డబ్బా ఒక్కటే పెట్టండి. పేరు, ఊరు, ఫోన్, పుట్టినరోజు, "మా గురించి ఎలా తెలిసింది" ఇవన్నీ అడిగే పేజీలు చూశా, అడిగిన ప్రతిదానికీ కొందరు జారిపోతారు. మాకు పేరు కావాలని మొదట్లో ఉండేది, తీసేశాం. మనిషి జవాబు రాసినప్పుడు పేరు ఎలాగూ తెలుస్తుంది.

ఇంక డబ్బా పైన ఏం రాస్తారన్నదే అసలు సంగతి. "మా న్యూస్‌లెటర్‌కు సబ్‌స్క్రైబ్ చేయండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎందుకివ్వాలి? ఏమొస్తుంది? ఎన్నిసార్లు వస్తుంది? ఈ మూడూ ఒక్క వాక్యంలో చెప్పాలి. "కొత్త డిజైన్ మగ్గం దిగినప్పుడు ఫొటో, కొలత, ధర పంపుతాం, నెలకు ఒకటికి మించి పంపం" అంటే చదివినవాడికి టెన్షన్ ఉండదు. చెప్పాక ఆ మాట మీద నిలబడాలి. పండగకి ఒకటి, ఆఫర్‌కి ఒకటి అని పంపడం మొదలుపెడితే జనం స్పామ్ అని నొక్కుతారు.

ఫొటో సంగతి. మడత పెట్టి షాపులో పేర్చిన దర్రీల ఫొటో వద్దు, ఆన్‌లైన్‌లో అవి వేలకొద్దీ ఉంటాయి. మగ్గం మీద సగం నేసిన దర్రీ తీయండి, నేసిన మేర రంగులు నిండుగా, ఆ పైన ఉత్త పడుగు దారాలు కనబడేలా. చేతి పని అని వేరే రాయాల్సిన పని లేదు. కిటికీ పక్క నుంచి పడే వెలుగులో తీస్తే పోగు పోగూ తెలుస్తుంది. ఫోన్‌లో తీసిన ఫొటో అయిదారు ఎంబీ ఉంటుంది, తగ్గించి పెట్టండి, రెండు మూడు వందల కేబీ చాలు. ఎగ్జిబిషన్ హాల్‌లో అందరి ఫోన్లూ ఒకే టవర్ మీద పడి నెట్ సరిగా రాదు, అక్కడ తెరుచుకోవడం ముఖ్యం.

క్యూఆర్ కోడ్ ప్రింట్ చేయించి బల్ల మీద నిలబెట్టండి, బిల్లు వెనక కూడా వేయండి. మాకు ఎక్కువ మంది వచ్చేది పార్సిల్‌లో పెట్టే చీటీ నుంచే. వస్తువు చేతికొచ్చి నచ్చినప్పుడు మనసు మంచిగా ఉంటుంది కదా. క్యూఆర్‌ను ఎప్పుడూ మీ సొంత డొమైన్‌కే కట్టండి. ఉచితంగా దొరికే వాటిలో కొన్ని మధ్యలో వాళ్ల లింకు పెడతాయి, కొన్నాళ్లకు అది డబ్బు అడుగుతుంది, అప్పటికి చీటీలన్నీ ప్రింటయి జనం ఇళ్లకు చేరి ఉంటాయి.

అక్షరశాల_హన్మకొండ

డీటీపీ పని చేస్తాను, నయీంనగర్‌లో. పేజీ తెలుగులో పెట్టేటట్లయితే నాలుగు మాటలు.

మీ బ్రోచర్‌లో ఉన్న తెలుగు మాటర్ ఏ డీటీపీ షాపులోనో చేయించి ఉంటారు, అది చాలావరకు అను ఫాంట్స్‌లో ఉంటుంది. యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా సరిగా కనబడే అక్షరాల పద్ధతి) కాదు. దాన్ని కాపీ చేసి వెబ్ పేజీలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి కానీ వత్తులు అటూ ఇటూ అవుతాయి, మీది నాలుగు వాక్యాలే కాబట్టి యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసుకోండి, అదే త్వరగా అవుతుంది. ఫైల్‌ను యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను ఫైల్‌లో దాచే తీరు) సేవ్ చేసి, పేజీ పైన మెటా చార్‌సెట్ ట్యాగ్‌లో అదే రాయాలి. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాష దగ్గర టీఈ అని పెట్టండి, పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అప్పుడే దాన్ని తెలుగుగా గుర్తిస్తుంది.

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలా ఉన్నాయి. చదవడానికి నోటో సాన్స్ తెలుగు, మండలి బాగుంటాయి. రామభద్ర లాంటిది హెడ్డింగ్‌కి నిండుగా ఉంటుంది, చిన్న సైజులో పెడితే అక్షరాలు ఒకదానికొకటి అతుక్కున్నట్టుంటాయి. అందరూ వదిలేసేది వరసల మధ్య ఎడం. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం తెలుగుకు సరిపోదు, మనకు పైన గుడులు, కింద వత్తులు ఉన్నాయి కదా. లైన్ హైట్ 1.6, 1.7 దాకా పెట్టండి. బటన్‌కి ఎత్తు పిక్సెల్స్‌లో బిగించొద్దు. "రిజిస్ట్రేషన్" అని రాసిన ఒక బటన్ చూశా, స్ట్రే కింద వత్తులు రెండూ సగానికి తెగిపోయి ఉన్నాయి. ఎత్తు వదిలేసి లోపల ప్యాడింగ్ (మాట చుట్టూ ఖాళీ) ఇస్తే ఆ బాధే ఉండదు.

కాజీపేట_జంక్షన్

హన్మకొండ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఫామ్ విషయంలో కూడా అలాంటి చిన్న చిన్నవే ఉన్నాయి. ఇన్‌పుట్ టైప్ "ఈమెయిల్" అని పెడితే ఫోన్‌లో కీబోర్డ్ తెరుచుకోగానే ఎట్ గుర్తు ఎదురుగానే ఉంటుంది, టెక్స్ట్ అని పెడితే దాన్ని వెతుక్కోవాలి. ఆటోకంప్లీట్ పెడితే ఫోన్‌లో దాచుకున్న అడ్రస్ దానంతట అదే వస్తుంది, ఒక్కసారి తాకితే సరి. అక్షరం సైజు 16 పిక్సెల్స్‌కు తగ్గితే ఐఫోన్‌లో డబ్బా తాకగానే పేజీ జూమ్ అయిపోయి బటన్ పక్కకు పోతుంది. ఇన్‌పుట్‌కి నేమ్ అనేది ఇవ్వకపోతే ఫామ్ పోయినట్టే కనబడుతుంది కానీ లోపల అడ్రస్ ఉండదు, దీని దగ్గర చాలామంది ఆగిపోతారు. పేజీని ఫోన్ వెడల్పుకు సర్దే వ్యూపోర్ట్ ట్యాగ్ లేకపోతే ఫోన్‌లో పేజీ మొత్తం చీమ తలకాయంత కనబడుతుంది.

బ్రౌజర్ చూసేది ఎట్ గుర్తు ఉందా, దానికి ముందూ వెనకా ఏమైనా ఉందా అనేంతే. జీమెయిల్ డాట్ కాన్ అని కొట్టినా సరే పొమ్మంటుంది. అందుకే డబుల్ ఆప్ట్-ఇన్ పెట్టు. అంటే అడ్రస్ ఇచ్చాక ఒక మెయిల్ వెళ్తుంది, అందులో లింకు నొక్కితేనే లిస్టులో చేరతారు. తప్పు అడ్రస్‌లు, ఎవరో ఇంకొకరి అడ్రస్ ఇచ్చినవి, రోబోలు కొట్టినవి అక్కడే ఆగిపోతాయి. రోబోల కోసం ఇంకో ఉపాయం, మనిషికి కనబడని డబ్బా ఒకటి పేజీలో దాచడం. అది నిండి వచ్చిందంటే మనిషి కాదని అర్థం.

ఫిలిగ్రీ_కరీంనగర్

డబుల్ ఆప్ట్-ఇన్ దగ్గర నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అడ్రస్ ఇచ్చి ఆ రెండో మెయిల్ తెరవనివాళ్లు మాకు చాలామందే ఉంటారు. పెద్దవయసువాళ్లకి అదేదో మోసం లింకులా కనబడుతుంది, రోజూ టీవీలో సైబర్ మోసాల గురించి వింటున్నారు కదా. చేతికందిన మనిషి అలా పోతే ప్రాణం ఉసూరుమంటుంది.

కాజీపేట_జంక్షన్

అక్కా, పోతారు, కాదనను. కానీ ఉన్నవాళ్లు నిఖార్సైనవాళ్లే ఉంటారు. లేని అడ్రస్‌లకు పంపి పంపి మెయిల్స్ వెనక్కొస్తుంటే జీమెయిల్ మొత్తం మన డొమైన్‌నే అనుమానిస్తుంది, అప్పుడు నిజంగా కావాలన్నవాళ్లకి కూడా స్పామ్‌లో పడతాయి. మధ్యేమార్గం ఒకటుంది. బటన్ నొక్కాక వచ్చే పేజీలోనే "ఇప్పుడే మీకు కొత్తవాడ నుంచి ఒక మెయిల్ వచ్చింది, అందులో అవును అని నొక్కండి, కనబడకపోతే స్పామ్, ప్రమోషన్స్ చూడండి" అని తెలుగులో రాస్తే సగం భయం పోతుంది. ఎగ్జిబిషన్‌లో అయితే ఎదురుగా ఉన్నప్పుడే ఫోన్‌లో నొక్కించొచ్చు.

మంచిర్యాల_టీచర్

నోట్‌బుక్‌లోని పాత అడ్రస్‌ల గురించి ఎవరూ చెప్పలేదు. వాళ్లు కొత్త డిజైన్ వస్తే చెప్పమని రాశారు కాబట్టి దాని గురించి పంపడం వరకు సబబు. కానీ ఆ లిస్టును ఇంకో పనికి వాడటం, ఇంకొకరికి ఇవ్వడం వద్దు. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. సమాచారం ఎందుకు తీసుకుంటున్నామో స్పష్టంగా చెప్పాలి, ఒప్పుకోలు మనిషి తనంతట తాను ఇవ్వాలి, ముందే టిక్ పెట్టి ఉంచడం కుదరదు. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఆ వివరం ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో చదువుకునే వీలు కూడా ఇవ్వాలంటుంది చట్టం, అంటే తెలుగులో కూడా. 18 ఏళ్లలోపు పిల్లలకైతే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. మీది చిన్న పనే కావచ్చు, జనం నమ్మి ఇచ్చిన అడ్రస్ మాత్రం చిన్నది కాదు. డబ్బా కింద ఒక్క వాక్యం రాయండి చాలు, దాచుకునేది ఈమెయిల్ ఒక్కటే, ఎవరికీ ఇవ్వం, ఎప్పుడైనా తీసేయమనొచ్చు అని.

జీఐ గురించి అడిగారు. వచ్చిందన్న మాట వాస్తవం కాబట్టి రాయొచ్చు. కానీ జీఐ లోగో వేసుకోవాలంటే ఆథరైజ్డ్ యూజర్‌గా (ఆ గుర్తింపు వాడుకునే అనుమతి ఉన్నవారిగా) రిజిస్టర్ అయి ఉండాలి. మామయ్యగారి పేరు ఉందో లేదో సొసైటీలో అడిగి వేయండి.

కొత్తవాడ_పడుగు

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్. జీఐ సంగతి రేపే సొసైటీలో అడుగుతా. ఒక అనుమానం, లిస్టు చిన్నదే కదా, సర్వీసులు ఎందుకు, నా జీమెయిల్ నుంచే బీసీసీలో (ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనబడకుండా) పెట్టి పంపితే కాదా?

ఓరుగల్లు_నడక

మొదట్లో పంపొచ్చు. మామూలు జీమెయిల్‌లో రోజుకు 500 మంది దాకానే, అది దాటితే ఆ రోజుకు పంపడం ఆగిపోతుంది. కానీ అసలు కష్టం లెక్కలో లేదు. ఎప్పుడో ఒకరోజు హడావుడిలో బీసీసీకి బదులు టూలో పెడతారు, అందరి అడ్రస్‌లూ అందరికీ కనబడిపోతాయి. ఒక సంస్థ నుంచి నాకు అలా వచ్చింది, దానికి ఒకాయన అందరికీ జవాబిచ్చాడు, ఆయనకు ఇంకో పదిమంది, సాయంత్రానికి డబ్బా నిండిపోయింది. ఇంకోటి, వద్దన్నవాళ్లని మీరే చేత్తో తీయాలి, ఒక్కరిని మర్చిపోయినా మాట పోతుంది.

కాజీపేట_జంక్షన్

దానికి తోడు, సర్వీసులో చేరినా ఫ్రమ్‌లో జీమెయిల్ అడ్రస్ పెట్టొద్దు చెల్లె. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రూల్స్ గట్టి చేశాయి. రోజుకు 5000 పైన పంపేవాళ్లకైతే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో తప్పుకునే వీలుండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. నువ్వు అంతమందికి పంపవు, అయినా ఆ మూడూ పెట్టుకుంటే నీ మెయిల్ నీదేనని రుజువు ఉంటుంది. సొంత డొమైన్ కొను, డాట్ ఇన్ అయితే ఏడాదికి వందల్లోనే అవుతుంది. రెండో ఏడాది రేటు మొదటి ఏడాది కంటే ఎక్కువ ఉంటుంది, కొనేముందు రెన్యువల్ ధర చూడు. సర్వీసువాళ్లు ఇచ్చిన వరసలు డొమైన్ డీఎన్ఎస్‌లో (డొమైన్ కొన్నచోట ఉండే సెట్టింగ్స్‌లో) అతికించడమే పని, అరగంట కూర్చుంటే అయిపోతుంది.

ఆ సర్వీసులు మెయిల్ కింద ఒక పోస్టల్ అడ్రస్ వేయమంటాయి, అమెరికా చట్టం వల్ల. అక్కడ ఇంటి నంబర్ వేయకు, సొసైటీదో షాపుదో వాళ్లని అడిగి వెయ్యి. ప్రతి మెయిల్‌లో అది వెళ్తుంది.

కొత్తవాడ_పడుగు

పేజీ పెట్టేశా. ఫొటో ఫిలిగ్రీ అక్క చెప్పినట్టే మగ్గం మీద సగం నేసినప్పుడు తీశా, మామయ్య చేతులు కూడా పడ్డాయి. మాటలు ఇలా రాశా, చూసి చెప్పండి:

"వరంగల్ కొత్తవాడలో మా మగ్గాల మీద నేసే నూలు దర్రీలు. కొత్త డిజైన్ దిగినప్పుడు ఫొటో, కొలత, ధర మీకు ఈమెయిల్‌లో పంపుతాం. నెలకు ఒకటికి మించి పంపం. మీ ఈమెయిల్ తప్ప ఇంకేమీ అడగం, దాన్ని ఎవరికీ ఇవ్వం. ఎప్పుడైనా వద్దనుకుంటే ఒక్క నొక్కుతో తప్పుకోవచ్చు."

బటన్ మీద "సబ్మిట్" అని ఉంది.

ఫిలిగ్రీ_కరీంనగర్

చాలా బాగుందమ్మా. సబ్మిట్ మాత్రం తీసెయ్యి, అది ఆఫీసు మాట. "నాకు పంపండి" అని పెట్టు. చేతులు పడ్డ ఫొటో మార్చకు, అదే ఉండనీ.

ఓరుగల్లు_నడక

మొదటి ఉత్తరం ఇప్పుడే రాసి పెట్టుకో. అడ్రస్ ఇచ్చి మూడు నెలలు ఏమీ రాకపోతే మనం ఎవరమో మర్చిపోతారు. ఆ డిజైన్ పేరేంటి, నేయడానికి ఎన్ని రోజులు పట్టింది, రంగు ఎక్కడ అద్దించారు, నాలుగు వాక్యాలు చాలు. చివర్లో "మీ ఇంట్లో ఏ గదికి కావాలనుకుంటున్నారు?" అని ఒక ప్రశ్న అడుగు, జవాబులు వస్తాయి. ఒకసారి వాళ్లు మనకు జవాబిచ్చాక మన అడ్రస్ నుంచి వచ్చే మెయిల్‌ని స్పామ్‌లో వేయడానికి జీమెయిల్ కూడా వెనకాడుతుంది.

కొత్తవాడ_పడుగు

బటన్ మార్చేశా. ఇంకొక్కటి. ఎవరెవరు చేరారో లిస్టు దించుకుని ఎక్సెల్‌లో తెరిస్తే ఈమెయిల్స్ బాగానే ఉన్నాయి, పక్కన నేను తెలుగులో రాసుకున్న గుర్తులన్నీ గజిబిజి అక్షరాలుగా వస్తున్నాయి. డేటా పోయిందా?

అక్షరశాల_హన్మకొండ

ఏమీ పోలేదు. నువ్వు దించుకున్న సీఎస్‌వీ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8 అని గుర్తుపట్టదు. ఖాళీ షీట్ తెరిచి, డేటా మెనూలో "ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ" నొక్కి ఫైల్ ఎంచుకో, పైన ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 అని పెట్టు, తెలుగు వచ్చేస్తుంది. గజిబిజిగా కనబడుతున్న ఆ ఫైల్‌ని మాత్రం అలాగే సేవ్ చేయకు, సేవ్ చేస్తే అప్పుడు నిజంగానే పోతుంది.